సగం చిప్పులున్నా సగం డబ్బు కాదు: పోకర్ టోర్నీ చివరి గంటల లెక్క

క్లుప్తంగా: పోకర్ టోర్నమెంటులో బహుమతి ఒక్కరికే కాకుండా మెట్లు మెట్లుగా పంచుతారు కాబట్టి, చివరికి వచ్చేసరికి గెలిచే చిప్పు కంటే పోయే చిప్పు ఖరీదు ఎక్కువవుతుంది. మంచి ముక్కలు పడేయడం, చెత్త ముక్కలతో ఆల్ ఇన్ కొట్టడం (ఉన్న చిప్పులన్నీ ఒకేసారి పెట్టేయడం) రెండూ ఈ లెక్క నుంచే వస్తాయి. పూల్ రమ్మీలో కంపల్సరీ, స్ప్లిట్ తెలిసినవాళ్లకు ఇందులో సగం ముందే తెలుసు.

జాకీల జత పడ్డ ఆటగాడు రెండు నిమిషాలు ఆలోచించి ముక్కలు బోర్లా తోసేస్తే చూసేవాళ్లకు ఒళ్లు మండుతుంది. హన్మకొండ హాస్టల్ గదిలో ఉత్తుత్తి చిప్పులతో ఫోన్‌లో ఆడే కుర్రాళ్లయినా, యూట్యూబ్‌లో లాస్ వేగాస్ ఫైనల్ టేబుల్ చూసేవాళ్లయినా వెంటనే ఇచ్చే తీర్పు ఒకటే, భయపడ్డాడు అని. అదే మనిషి నాలుగు పంపకాల తర్వాత తొమ్మిది, ఆరు పట్టుకుని ఉన్న చిప్పులన్నీ ముందుకు నెడితే, ఈసారి పిచ్చి పట్టిందంటారు. నిజానికి రెండుసార్లూ అతను వేసుకున్న లెక్క ఒక్కటే అయి ఉండొచ్చు.

పేకాట ఇక్కడ కొత్త కాదు. పెళ్లింట్లో, దావత్‌లో, ఊరి చివర మామిడితోటలో పదమూడు ముక్కలు, తీన్ పత్తా తరాల నుంచి నడుస్తూనే ఉన్నాయి, టాస్క్‌ఫోర్స్ దాడుల వార్తలు జిల్లా పేజీలో వస్తూనే ఉన్నాయి. పోకర్ టోర్నమెంటు మాత్రం కొత్తగా వచ్చిన చుట్టం, పైగా దాని చివరి దశ మామూలు పేకాట బుద్ధికి ఎదురు నడుస్తుంది.

చట్టం సంగతి ముందు

డబ్బు పెట్టి ఆడటం గురించి రెండు ముక్కలు చెప్పాకే మిగతాది. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే. ఆ నైపుణ్యం మినహాయింపును తెలంగాణ 2017లో తన గేమింగ్ చట్టం నుంచి తీసేసింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించింది, నడిపేవాళ్లకు 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అంది, ఆడేవాళ్లకు శిక్ష పెట్టలేదు. దాని మీద వేసిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. కాబట్టి వరంగల్లో కూర్చుని డబ్బుకు పోకర్ ఆడే దారి లేదు. ఉన్నదల్లా ఉచిత చిప్పుల ఆట, లేదంటే రైలెక్కి గోవా వెళ్లి పణజిలో మాండవి నది మీది క్యాసినో నౌకల్లో ఆడటం. కింద రూపాయల్లో చెప్పినవన్నీ కాగితం మీది లెక్కలే.

పూల్ రమ్మీ గుర్తుంటే చాలు

201 పూల్ తీసుకోండి. ఓడినప్పుడల్లా పాయింట్లు ఎక్కుతాయి, 201కి చేరితే అవుట్. మొదట్లోనే డ్రాప్ అంటే 25, ఫుల్ కౌంట్ పడితే 80. 175 వరకు ఉన్నవాడికి ఇంకో డ్రాప్ మిగిలి ఉంటుంది, 175 దాటినవాడు డ్రాప్ అన్నా అవుటే, అందుకే అతను కంపల్సరీ. చెత్త ముక్కలు పడ్డా ఆడి తీరాలి, ఆ సంగతి బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు కాబట్టి వాళ్ల ఆట కూడా మారిపోతుంది. చివరకు ఇద్దరో ముగ్గురో మిగిలి ఇక తెగేట్టు లేదనుకుంటే స్ప్లిట్ అంటారు, ఎవరికి ఎన్ని డ్రాపులు మిగిలాయో చూసి ఆ లెక్కన పంచుకుంటారు.

పోకర్ టోర్నీ చివరి దశలో ఈ రెండూ ఉన్నాయి. చిప్పులు తక్కువైనవాడు కంపల్సరీకి దగ్గరవుతున్నవాడు. ఫైనల్ టేబుల్ దగ్గర కుదుర్చుకునే డీల్, స్ప్లిట్‌కు అన్న లాంటిది. తేడా ఒక్కటే, అదే అసలు తేడా: పూల్ రమ్మీలో స్ప్లిట్ లేకపోతే గెలిచినవాడికే మొత్తం, రెండోవాడికి సున్నా. పోకర్ టోర్నీలో రెండోవాడికి, ఏడోవాడికి, ఒక్కోసారి వెయ్యోవాడికి కూడా డబ్బు వస్తుంది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ప్రధాన పోటీ 1977 దాకా గెలిచినవాడికే మొత్తం. 1978లో మొదటిసారి అయిదుగురికి పంచారు. అప్పటిదాకా చిప్పుకు ఒకటే ధర ఉండేది, పంపకం మొదలయ్యాక రెండు ధరలొచ్చాయి.

బ్లైండ్ అంటే తీన్ పత్తా బ్లైండ్ కాదు

తీన్ పత్తా ఆడినవాళ్లు ఇక్కడ తడబడతారు. అక్కడ బ్లైండ్ అంటే ముక్కలు చూడకుండా ఆడటం. పోకర్‌లో బ్లైండ్ అంటే ముక్కలు పంచక ముందే వంతుల వారీగా ఇద్దరు తప్పనిసరిగా పెట్టాల్సిన చిప్పులు, ఒకరిది స్మాల్ బ్లైండ్, దానికి రెట్టింపు పెట్టేవాడిది బిగ్ బ్లైండ్. చాలా టోర్నీల్లో ఇప్పుడు బిగ్ బ్లైండ్ మీద ఉన్నవాడే బల్ల మొత్తం తరఫున ఇంకో బిగ్ బ్లైండంత యాంటీ కూడా పెడతాడు. నిర్ణీత సమయానికొకసారి ఇవి పెరుగుతూ పోతాయి. వరల్డ్ సిరీస్ ప్రధాన పోటీలో రెండు గంటలకు ఒకసారి, చిన్న టోర్నీల్లో పదిహేను ఇరవై నిమిషాలకే.

అందుకే చివరి దశలో ఎన్ని చిప్పులున్నాయన్న ప్రశ్నకు విలువ లేదు, ఎన్ని బిగ్ బ్లైండ్లున్నాయన్నదే లెక్క. ఒక్క చుట్టు తిరిగేసరికి ఊరికే కూర్చున్నవాడికి ఖర్చు రెండున్నర బిగ్ బ్లైండ్లు: అర, ఒకటి, ఇంకొకటి. పది బిగ్ బ్లైండ్లున్నవాడు ఏమీ ఆడకుండా కూర్చుంటే నాలుగు చుట్లలో ఖాళీ. ఇలా ఎన్ని చుట్లు బతకగలమో చెప్పే అంకెను పోకర్‌లో ఎమ్ అంటారు, పాల్ మాగ్రియెల్ అనే ఆటగాడి ఇంటిపేరులోని మొదటి అక్షరం అది. రమ్మీలో మిగిలిన డ్రాపులు లెక్కపెట్టడానికీ దీనికీ పెద్ద తేడా లేదు, కాకపోతే రమ్మీలో డ్రాప్ ఖరీదు చివరిదాకా 25 దగ్గరే ఉంటుంది, ఇక్కడ గంట గంటకూ పెరుగుతుంది.

చిప్పుకు రెండు ధరలు

ముగ్గురు మిగిలారనుకుందాం. మొత్తం బహుమతి లక్ష, మొదటివాడికి 50,000, రెండోవాడికి 30,000, మూడోవాడికి 20,000. బల్ల మీద మొత్తం పదివేల చిప్పులు: రాజు దగ్గర 5,000, శీను దగ్గర 3,000, మల్లేశ్ దగ్గర 2,000. ఇప్పుడు ఆట ఆపేస్తే ఎవరి వాటా ఎంత?

సగం చిప్పులున్న రాజుకు సగం డబ్బు రావాలని అనిపిస్తుంది. కాని మొదటి బహుమతే 50,000, అది ఇంకా గెలవలేదు. మల్లేశ్‌కు అయిదో వంతు చిప్పులే ఉన్నా, ఈ క్షణంలో ఓడినా 20,000 ఖాయం. చిప్పుల వాటాను డబ్బు వాటాగా మార్చే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అనే పద్ధతిలో లెక్క వేస్తే రాజు వాటా సుమారు 38,393, శీనుది 32,750, మల్లేశ్‌ది 28,857. చిప్పుల్లో సగం ఉన్నవాడికి డబ్బులో సగం లేదు, చిప్పుల్లో 20 శాతం ఉన్నవాడికి డబ్బులో దాదాపు 29 శాతం ఉంది.

ఈ లెక్క పుట్టింది గుర్రప్పందేల్లో. గెలిచే అవకాశాలు తెలిస్తే రెండు, మూడు స్థానాల్లో ఎవరొస్తారో అంచనా వేసే సూత్రాన్ని 1973లో డేవిడ్ హార్విల్ రాశాడు, దాన్నే 1987లో మేసన్ మాల్ముత్ పోకర్ చిప్పులకు వాడాడు. సూత్రం సులువే. మొదటి స్థానం వచ్చే అవకాశం అంటే చిప్పుల వాటా. ఆ ఒకడిని పక్కన పెట్టి, మిగిలినవాళ్ల చిప్పుల్లో వాటాయే రెండో స్థానం వచ్చే అవకాశం.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ముంచుకొచ్చిన రోజున క్వింటాలు ధర ఎలా జారిపోతుందో ఈ ప్రాంతంలో వేరే చెప్పక్కర్లేదు. కారణం వేరే అయినా ఇక్కడ జరిగేదీ అలాంటిదే, ఒకే చేతిలో చిప్పులు పెరిగే కొద్దీ ఒక్కో చిప్పు ధర పడుతుంది, ఎందుకంటే అన్ని చిప్పులూ గెలిచినా దొరికేది లక్ష కాదు, 50,000 మాత్రమే. తిరగేసి చూస్తే, అడుగున మిగిలిన ఆఖరి చిప్పులు అన్నిటికంటే ఖరీదైనవి.

బబుల్: జాకీలు పడేసే చోటు

డబ్బు మొదలయ్యే స్థానానికి ఒక్క అడుగు ముందు ఉండే దశను బబుల్ అంటారు. ఇంకొక్కరు పోతే మిగతావాళ్లందరికీ డబ్బు, ఆ పోయేవాడికి మాత్రం గంటల తరబడి కూర్చున్నా ఏమీ లేదు.

అవే బహుమతులు, కాని నలుగురు మిగిలారు, అందరికీ సమానంగా చిప్పులు. ఒక్కొక్కరి వాటా 25,000. ఒకడు ఆల్ ఇన్ కొట్టాడు, ఇంకొకడు కాల్ చేయాలా (అంతే చిప్పులు పెట్టి ఎదురు నిలవాలా) వద్దా? ఓడితే సున్నా, అంటే 25,000 పోయినట్టు. గెలిస్తే చిప్పులు రెట్టింపవుతాయి, వాటా మాత్రం రెట్టింపు కాదు, ఐసీఎం ప్రకారం 38,333 అవుతుంది. 25,000 పణంగా పెట్టి 13,333 కోసం ఆడటం అన్నమాట. బ్లైండ్లను పక్కన పెడితే, ఇది గిట్టుబాటు కావాలంటే 65 శాతానికి పైగా గెలిచే అవకాశం ఉండాలి. మామూలు ఆటలో 50 దాటితే చాలు.

ఇప్పుడు జాకీల జత సంగతి. ఎదుటివాడు తన ఆసు-రాజు తిప్పి చూపించినా జాకీలు గెలిచేది 54 నుంచి 57 శాతమే. మొదటి గంటలో అది సంతోషంగా ఆడే చేయి, ఈ చోట పడేయాల్సిన చేయి. ఈ లెక్కన ఆసు-రాజు మీద కాల్ చేయదగ్గ జతలు రెండే మిగులుతాయి, రాజులు, ఆసులు. రాణుల జతకు కూడా చాలదు.

అలాగని జాకీలు ఎప్పుడూ పడేయాలని కాదు, యూట్యూబ్ చూసి సగం నేర్చుకున్నవాళ్లు జారేది ఇక్కడే. ఎదుటివాడు ఏ ముక్కలతోనైనా తోసేస్తున్నాడని తేలిపోతే వాటి మీద జాకీలు 77 శాతం దాకా గెలుస్తాయి, అప్పుడు పడేయడమే తప్పు. కాబట్టి చూడాల్సినవి రెండు, ఈ చోట ఎంత శాతం కావాలి, అతను ఎలాంటి ముక్కలతో ఇలా కొడతాడు.

ఈ దశలో ఆట నత్తనడక నడుస్తుంది. తక్కువ చిప్పులున్నవాడు పక్క బల్ల మీద ఎవరైనా పోతారేమోనని ఒక్కో నిర్ణయానికి నిమిషాలు సాగదీస్తాడు. అందుకే నిర్వాహకులు అన్ని బల్లల మీదా ఒకేసారి ఒక్కో పంపకం జరిగేట్టు ఆడిస్తారు, ముందు అయిపోయిన బల్ల మిగతావాటి కోసం ఆగాలి.

దీనికి పరాకాష్ఠ శాటిలైట్ టోర్నీలు, అంటే బహుమతిగా డబ్బు కాకుండా పెద్ద టోర్నీలోకి సీటు ఇచ్చేవి. క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ నుంచి వచ్చి 2003 ప్రధాన పోటీలో 839 మందిలో నెగ్గి 25 లక్షల డాలర్లు గెలిచాడు, ప్రపంచమంతా పోకర్ మీద పడటానికి అదొక పెద్ద కారణం. శాటిలైట్‌లో పది సీట్లుంటే మొదటివాడికీ పదోవాడికీ దొరికేది ఒకటే. అలాంటి చోట బోలెడు చిప్పులున్నవాడు ఆసుల జత పడేయడం కూడా సరైన ఆటే అవుతుంది, ఎందుకంటే ఇంకా గెలవడానికి అతనికి ఏమీ మిగల్లేదు, పోగొట్టుకోవడానికే ఉంది.

నలిగేది మధ్యవాడు

మళ్లీ ముగ్గురి బల్లకు వద్దాం. 2,000 చిప్పుల మల్లేశ్‌దే అందరికంటే ఇరుకున పడ్డ పరిస్థితి అనిపిస్తుంది, కాని అంకెలు వేరేలా చెబుతున్నాయి.

రాజు ఆల్ ఇన్ కొడితే శీను కాల్ చేయాలంటే? ఓడితే శీను 32,750 వాటా నుంచి 20,000కి పడతాడు, గెలిస్తే 41,000కి ఎక్కుతాడు. బ్లైండ్లు కలపకుండా చూస్తే అతనికి దాదాపు 61 శాతం కావాలి. అదే దెబ్బ మల్లేశ్ మీద పడితే అతనికి 57 శాతం చాలు. శీను ఆల్ ఇన్ కొట్టి రాజు కాల్ చేయాల్సి వస్తే రాజుకు 54 శాతం సరిపోతుంది, ఓడినా ఇంకా బల్ల మీదే ఉంటాడు కాబట్టి. మల్లేశ్ ఆల్ ఇన్‌కైతే రాజుకు 52 చాలు.

మధ్యవాడికి పోగొట్టుకోవడానికి చాలా ఉంది, పైగా తనకంటే ముందు పోవడానికి సిద్ధంగా మల్లేశ్ ఉన్నాడు. శీను ఇప్పుడు రాజుతో కొట్లాటకు దిగి పోతే మల్లేశ్ ఏమీ చేయకుండానే ఒక మెట్టు ఎక్కుతాడు. ఈ సంగతి రాజుకు తెలుసు, శీనుకు తెలుసని కూడా తెలుసు. అందుకే పెద్ద స్టాక్ (చిప్పుల నిల్వ) ఉన్నవాడు మధ్యవాడి బ్లైండ్ల మీద అదే పనిగా రెయిజ్ చేస్తాడు, అంటే పందెం పెంచుతాడు, మధ్యవాడు కోపంతో కాల్ చేస్తే పెద్దవాడికీ కొంత నష్టమే, కాని ఎక్కువ నష్టం మధ్యవాడిది, మొత్తం లాభం ఊరికే కూర్చున్న మల్లేశ్‌ది. ఇద్దరు కొట్లాడుకుంటే మూడోవాడు బాగుపడటం ఊళ్లో భూమి తగాదాల్లోనూ చూసేదే.

ఇందులోంచి వచ్చే ఆచరణ సూటిగానే ఉంటుంది. మధ్యలో ఉన్నప్పుడు తనకంటే చిన్నవాళ్ల మీద ధాటిగా, తనను మింగేయగలిగినవాడి మీద జాగ్రత్తగా ఆడాలి. చాలామంది చేసేది దీనికి తలకిందులు, పెద్దవాడి మీద పంతానికి పోతారు.

పది బ్లైండ్లు మిగిలినప్పుడు

ఇప్పుడు తొమ్మిది-ఆరు సంగతి. పది బిగ్ బ్లైండ్లు మాత్రమే మిగిలినవాడు రెండు బ్లైండ్లతో రెయిజ్ చేసి, ఎవడైనా మీదపడితే ముక్కలు పడేస్తే (ఫోల్డ్) ఉన్నదాంట్లో అయిదో వంతు ఊరికే పోతుంది. అందుకని చాలామంది ఈ దశలో రెండే పనులు చేస్తారు, అంతా పెట్టడం లేదా పడేయడం, తీన్ పత్తా భాషలో ప్యాక్ కావడం.

బల్ల మధ్యలో బ్లైండ్లు, యాంటీ కలిపి రెండున్నర బిగ్ బ్లైండ్లు పడి ఉన్నాయి. ఆల్ ఇన్ కొడితే అందరూ తప్పుకుంటే ముక్కలు చూపించకుండానే స్టాక్ నాలుగో వంతు పెరుగుతుంది. బ్లైండ్లలో లేని ఒకడు కాల్ చేసి, అప్పుడు మన చెత్త ముక్కలకు 35 శాతమే గెలుపు అనుకున్నా, సగటున పోయేది రెండు బిగ్ బ్లైండ్ల కంటే కాస్త ఎక్కువ. ఈ రెండూ తూచితే, వందలో 46 సార్లు అందరూ తప్పుకుంటే చాలు, చిప్పుల లెక్కలో నష్టం లేదు. అంటే ఇక్కడ ముక్కల బలం కంటే ఎదుటివాళ్లు తప్పుకునే అవకాశమే పెద్ద ఆయుధం, బబుల్ దగ్గర అందరికీ 60, 65 శాతాలు కావాల్సి వచ్చినప్పుడు ఆ అవకాశం ఇంకా పెరుగుతుంది. కొట్టేవాడి ప్రాణమూ పణంగానే ఉంటుంది కాబట్టి అతనూ కొంత బిగించుకోవాలి, కాని కొట్టేవాడికి గెలవడానికి రెండు దారులున్నాయి, కాల్ చేసేవాడికి ఒక్కటే. చేతిలో ఒక ఆసు ఉంటే ఇంకా మేలు, ఎదుటివాడికి ఆసుల జత వచ్చే కాంబినేషన్లు ఆరు నుంచి మూడుకు పడిపోతాయి.

ఈ ఆయుధానికి గడువుంది. మూడు బ్లైండ్లకు దిగేదాకా మంచి ముక్కల కోసం ఎదురుచూసినవాడు ఆల్ ఇన్ అన్నా ఎవరూ తప్పుకోరు, ఇంకో రెండు బ్లైండ్లు పెడితే సరిపోతుందని బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడు దాదాపు ఏ ముక్కలతోనైనా కాల్ చేస్తాడు. అదే అసలైన కంపల్సరీ. పన్నెండు, పది దగ్గరే కదలమనేది అందుకే.

మెట్లు ఎక్కడ నిటారుగా ఉన్నాయి

2024 ప్రధాన పోటీలో 10,000 డాలర్ల చొప్పున కట్టి 10,112 ఎంట్రీలు వచ్చాయి, 1,517 మందికి డబ్బు దక్కింది, అందులో అడుగున 15,000 డాలర్లు. ఫైనల్ టేబుల్‌లో తొమ్మిదోవాడికి 10 లక్షలు, ఎనిమిదికి 12.5 లక్షలు, మూడుకు 40 లక్షలు, రెండుకు 60 లక్షలు, గెలిచిన జోనథన్ తమాయోకు కోటి డాలర్లు. తొమ్మిది నుంచి ఎనిమిదికి మెట్టు రెండున్నర లక్షలు, రెండు నుంచి ఒకటికి 40 లక్షలు. కింది మెట్ల కోసమే ఒదిగి ఒదిగి కూర్చుంటే పైకి వచ్చేసరికి స్టాక్ మిగలదు, పై మెట్టు కోసమే తెగిస్తే కిందే రాలిపోతారు. ఆ ఫైనల్‌లో విజేత మిత్రులు పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని లెక్కలు చూసి చెప్పడం మీద పెద్ద లొల్లి నడిచింది, ఈ అంకెలు ఎంత ఖరీదైనవో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఇద్దరే మిగిలితే ఇదంతా ఒక్కసారిగా మాయమవుతుంది. రెండో బహుమతి ఇద్దరికీ ఖాయం, మిగిలిన తేడా కోసమే ఆట, కాబట్టి చిప్పుకు మళ్లీ ఒకటే ధర, మళ్లీ 50 శాతం లెక్క. అరగంట ముందు పడేసిన జాకీలను ఇప్పుడూ పడేసేవాడు దశ మారిందని గమనించలేదన్నమాట.

స్ప్లిట్ అడిగినప్పుడు

ముగ్గురు మిగిలాక పంచుకుందామని ఎవరో ఒకరు అంటారు. పద్ధతులు రెండు. ఒకటి ఐసీఎం, పైన చెప్పినట్టు 38,393, 32,750, 28,857. రెండోది చిప్పుల వాటా: మూడో బహుమతి 20,000 అందరికీ ఇచ్చేసి, మిగిలిన 40,000 చిప్పుల నిష్పత్తిలో పంచడం. అలాగైతే రాజుకు 40,000, శీనుకు 32,000, మల్లేశ్‌కు 28,000. వినడానికి రెండోదే న్యాయంగా ఉంటుంది, కాని రాజుకు 1,607 ఎక్కువ దక్కుతుంది, శీను 750, మల్లేశ్ 857 వదులుకుంటారు. రమ్మీలో డ్రాపుల లెక్కన పంచేటప్పుడు ఇంకో డ్రాప్ ఉందా లేదా అని జరిగే వాదన లాంటిదే ఇక్కడా జరుగుతుంది.

ఐసీఎం కూడా దేవుడి వాక్కేమీ కాదు. ముగ్గురూ సమాన ఆటగాళ్లని అది ముందే అనుకుంటుంది, వచ్చే పంపకంలో బిగ్ బ్లైండ్ ఎవరి మీద పడుతుందో దానికి తెలియదు. మల్లేశ్‌కు నాలుగు బ్లైండ్లే మిగిలి, తర్వాతి బిగ్ బ్లైండ్ తనదే అయితే అతని వాటా కాగితం మీద 28,857 ఉన్నా బల్ల మీద అంత ఉండదు. అందుకే మల్లేశ్ పంచుకుందామనే సమయం సాధారణంగా బిగ్ బ్లైండ్ తన దగ్గరికి రాకముందే వస్తుంది, రాజు ఇంకో చుట్టు ఆడి చూద్దామంటాడు.